బూట్ల బండిలో ఉచ్చుతాడు

చేతుల నిండా నేలచెక్కలు ఉన్నాయి. కాళ్ల కింద ఏముందో కనిపించలేదు. గుడారం విప్పేసి, నేల మీద పరిచే ఆ చెక్కల్ని, జింకలు లాగే మంచుబండి దగ్గరికి మోసుకుపోతున్నాను. నాలుగడుగులు వేశాక ఎందుకో వెనక్కి తిరిగి చూస్తే, మంచు మీద మా ఆయన జింకల్ని పట్టే ఉచ్చుతాడు చుట్టచుట్టి పడి ఉంది. నా బూటు గుర్తు ఒకటి దానికి ఇవతల ఉంది, ఇంకోటి అవతల ఉంది. దాటేశాను.

ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఒక్కసారి దాటిన పాపాన పోలేదు. మా ఆడవాళ్లం మగవాళ్ల తాడు దాటం, జింకల్ని అదిలించే తోలుకర్ర దాటం, జింకలకు కట్టే పట్టెడ దాటం. దారికి అడ్డంగా ఉంటే వంగి చేత్తో పైకెత్తి, కిందనుంచి వెళ్తాం. దాటితే దానికి మైల. మైలపడ్డ తాడు విసిరితే గురి తప్పుతుంది, నీళ్ల మీద అయితే మనిషే దక్కడు. అలాగని దాటితే ఇక దిక్కులేదని కాదు. దాటిన మనిషి వెంటనే చెప్పెయ్యాలి. ఇంటి పెద్దావిడ బీవర్ అనే నీటిజంతువు ఎండిన గ్రంథి ముక్క ఒకటి నిప్పుల మీద వేసి, ఆ పొగలో తాడుని తిప్పుతుంది. అంతటితో మైల పోతుంది. కెటిల్‌లో నీళ్లు మరిగేంత సేపు కూడా పట్టదు.

నేను చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం, ఆ పొద్దున ఆ తాడు నడుముకి కట్టుకుని ఏటి మీదికి పోవాల్సింది మా ఆయన కాదు. నా కూతురు.

నా కూతురు తెతనెకి ఇరవై ఏళ్లు. యార్-సలే ఊళ్లో హాస్టల్‌లో ఉండి చదువుకుంది. అలా హాస్టల్‌కి వెళ్లిన ఆడపిల్లలు టండ్రాకి తిరిగి రావడం మానేశారు. ఊళ్లో గోడలుంటాయి, కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి, ఎందుకొస్తారు? మా చుట్టుపక్కల గుడారాల్లో ముప్పై దాటిన మగపిల్లలు పెళ్లాల్లేక తమ బూట్లు తామే కుట్టుకుంటున్నారు. ఆ కుట్లు చూస్తే ముందు నవ్వొస్తుంది, కాసేపటికి ఏడుపొస్తుంది. తెతనె మాత్రం వచ్చేసింది. వచ్చింది కదా, ఇక సూదీ దారం చేతికిద్దామనుకుంటే, "కుట్టుపని నాకొద్దమ్మా, నేను మందతో పోతా," అంది. మాకు మగపిల్లలు లేరు. మా ఆయన హద్కో తాడు విసరడం నేర్పాడు, మంద తోలడం నేర్పాడు. మార్చిలో ఆయన స్నోమొబైల్ మీంచి పడి కుడి భుజం విరగ్గొట్టుకున్నాక, ఆయన చెయ్యి చెవి దాకా కూడా లేవలేదు. అప్పటినుంచి ఆయన తాడు దాని నడుముకే ఉంటోంది.

పిల్ల అలా తాడు కట్టుకోవడమంటే మా అత్తకి ఒళ్లుమంట. మా మరిది ఇల్కోకి అంతకన్నా మంట. ఇల్కో పెళ్లాం రెండు చలికాలాల క్రితం పిల్లాడి బడి పేరు చెప్పి ఊరికి పోయి, అక్కడి వెచ్చటి గది వదిలి రావడం లేదు. అప్పటినుంచి అతను మా గుడారంలోనే తింటూ, మా కూరకే వంకలు పెడుతూ ఉంటాడు.

ముందురోజు సాయంత్రం టీ దగ్గర పెద్ద గొడవే జరిగింది. మే నెల సగం గడిచింది. జింకలు ఈనడం మొదలైంది. యురిబేయ్ ఏరు దాటి దూడల నేలకి చేరాలి. ఇవతలి గట్టున ఈనితే, మంచు కరిగాక పసిదూడలు ఆ చల్లటి వరదలో ఈదలేక కొట్టుకుపోతాయి. ఏటి మీది మంచు ఇంకో రెండ్రోజులు ఆగుతుందో లేదో ఎవరికీ తెలియదు. ముందు తేలిక బండి మీద ఒకరు వెళ్లి, తోలుకర్ర ఇనప మొనతో మంచుని పొడుస్తూ దారి చూడాలి. హద్కో ఆ పని తెతనెది అన్నాడు.

"ఆడపిల్లని ముందు నడిపించి ఏరు దాటతార్రా ఎవరన్నా?" అంది అత్త. "మీ నాన్నుంటే ఈ మాటకి నిన్ను గుడారంలోంచి గెంటేసేవాడు."

"నాన్న భుజం విరగలేదు కదమ్మా," అన్నాడు హద్కో.

"నేను లేనా?" అన్నాడు ఇల్కో.

"నువ్వు మంద వెనకుండాలి. ఆరొందల జింకల్ని ఒంటిచేత్తో నేనెక్కడ తోలను?"

అత్త కప్పు నేలకేసి కొట్టినంత పని చేసింది. "సరే. మీ ఇష్టం. కానీ వినండి. రేపు ఒక్క దూడ పోయినా, ఒక్క బండి తడిసినా, జూన్‌లో వచ్చే హెలికాప్టర్‌లో దీన్ని ఎక్కించెయ్యాల్సిందే. ఊళ్లో కొట్లో కూర్చుని పంచదార తూసుకుంటుంది."

"ఇప్పుడు పంచదార పాకెట్లలో వస్తోంది నాన్నమ్మా," అంది తెతనె టీ ఊదుకుంటూ. "ఎవరూ తూయట్లేదు."

ఇల్కో కూడా నవ్వాడు. అత్త నవ్వలేదు. ఆవిడ చూపు పిల్ల మీంచి నా మీదికి మళ్లింది. నీ పెంపకమే ఇదంతా అన్నట్టుంది ఆ చూపు.

అదీ సంగతి. ఇప్పుడు పొద్దున్నే వెళ్లి, "అత్తమ్మా, తాడు దాటేశాను," అంటే ఏమవుతుంది? బీవర్ ముక్క ఆవిడ కుట్టు సంచీలో ఉంది, సంచీ బండికి కట్టేసి ఉంది. కట్లు విప్పించాలి. ఆవిడ విప్పదు. ముందు నోరు విప్పుతుంది. చూశారా, బయల్దేరకముందే అపశకునం, పిల్లని ముందు పంపొద్దని ఏరే చెప్తోంది అంటుంది. ఇల్కో వంతపాడతాడు. తెతనె చేతిలోంచి తాడు లాక్కుంటారు. ఇక మళ్లీ ఇవ్వరు.

పోనీ ఏమీ జరగనట్టు ఊరుకుంటే? నా బిడ్డ మైలతాడు నడుముకి కట్టుకుని కరుగుతున్న మంచు మీదికి పోతుంది.  చెక్కలు బండిలో పడేసి, అటూ ఇటూ చూశాను. ఎవరూ ఇటు చూడటం లేదు. తాడుని కోటు కింద దోపుకుని, బూట్ల బండి దగ్గరికి వెళ్లి, పాత బూట్ల అడుగున తోసేసి, పైన తోలు కప్పి, తాళ్లు బిగించి కట్టేశాను.

బూట్ల బండి అంటే మా ఆడవాళ్ల బండి. మేం తొక్కిన బూట్లు, నేలచెక్కలు, మా పాతగుడ్డలు అందులో పోతాయి. మగవాడు దాని మీద చెయ్యి వెయ్యడు. ఒకదానికొకటి కట్టిన బండ్ల వరసలో అన్నిటికన్నా చివర నడుస్తుంది. అందులో వెతకాలని ఎవరికీ తోచదు. అవతలి గట్టు చేరాక, అత్త కునుకు తీసే వేళ చూసి నేనే పొగ వేసుకుందాం, ఎవరికీ తెలియదు అనుకున్నాను. ఏరు దాటడం ఎంతసేపు? అర్ధగంట పని. మైలతాడు కంటే తాడు లేకపోవడమే నయం కదా? అప్పుడు నాకు అలాగే తోచింది. ఇప్పుడు తల్చుకుంటే నా తల నేనే గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. మాకు గోడలు కూడా లేవు.

తెతనె జింకలకు పట్టెడలు వేసి వచ్చి, బండి మీద చూసింది. బండి కింద చూసింది. మంచు మీద మోకాళ్ల మీద పాకుతూ, మా బండ్లన్నిటి చుట్టూ వెతికింది.

"అమ్మా, నాన్న తాడు చూశావా?"

నేను కెటిల్‌ని బండికి కట్టుకుంటున్నాను. తలెత్తలేదు. "లేదే."

"పొద్దున ఇక్కడే పెట్టానమ్మా."

"ఎక్కడ పెట్టావో నువ్వే గుర్తు తెచ్చుకో."

ఇల్కో దూరంనుంచి చూసి కేకేశాడు. "ఏం పోగొట్టుకున్నావే, కాపరీ? చెవిపోగా?"

"తాడు బాబాయ్. కాసేపు నీది ఇవ్వవా?"

"నాది నాకు కావద్దూ? తాడు పోగొట్టుకున్న కాపరిని ఇదే చూడటం. ఊళ్లో కొట్లో అయితే పంచదార పాకెట్లు ఎక్కడికీ పోవులే."

పిల్ల మొహం ఎర్రబడింది. హద్కో ఏటి ఒడ్డున నిలబడి, మంచు మీద నీళ్లు ఎలా పేరుకుంటున్నాయో చూస్తున్నాడు. రాత్రికి రాత్రి గాలి వెచ్చబడింది. మంచు మీద నీలంగా నీటి మడుగులు వచ్చాయి. ఆయన వెనక్కి తిరిగి, "ఎండ పైకొస్తోంది. ఆగితే ఆగిపోవడమే. తాడు తర్వాత వెతుక్కో," అన్నాడు. ఆ మాటతో తెతనె వట్టి నడుముతో బండెక్కింది. తోలుకర్ర చేతిలోకి తీసుకుని, నన్ను చూసి నవ్వబోయి, మానేసింది.

పిలవాలి. "ఆగవే," అని ఒక్క కేక వెయ్యాలి. నోరు తెరిచాను కూడా. అత్త పక్క బండి మీంచి, "ఏం, దిష్టి తీస్తావా?" అంది. నోరు మూసుకున్నాను.

తెతనె ముందు వెళ్లింది. మూడు జింకల తేలిక బండి అది. నడిమి జింక పేరు తెల్లమూతి, మా మందలో అన్నిటికంటే తెలివైంది. వంద అడుగుల వెనక అత్త బండ్ల వరస, దాని వెనక నా వరస. నా వరస చివర బూట్ల బండి. హద్కో, ఇల్కో మందతో గట్టు మీదే ఆగారు, బండ్లన్నీ దాటాక మందని వదులుతారు.

ఏటి మీద మంచుకి ఒక గొంతు ఉంటుంది. చలికాలంలో ఇనప మొన దిగితే ఠంగుమంటుంది. ఆ రోజు తెతనె పొడిచిన ప్రతిసారీ మెత్తగా, తడిగా, నానిన గుడ్డని పొడిచినట్టు వినిపిస్తోంది. పొడుస్తుంది, ఆగుతుంది, జింకల్ని కొంచెం ఎడమకి తిప్పుతుంది, మళ్లీ పొడుస్తుంది. బాగా చేస్తోంది. దాని నాన్న చేసినంత బాగా చేస్తోంది. నాకు మాత్రం దాని నడుము తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. తాడు ఉండాల్సిన చోట ఒట్టి తోలుపట్టీ ఉంది. నా చేతుల్లో పగ్గం చెమటకి తడిసిపోయింది. తెల్లమంచు చూసి కాస్త ఊపిరి పీల్చుకుంటాను, బూడిదరంగు మంచు రాగానే బిగబడతాను. ఏరు సగం దాటింది. సగం దాటిందంటే ఇంకో సగమే కదా అని నాకు నేను చెప్పుకుంటున్నాను.

చప్పుడేమీ పెద్దగా రాలేదు. అదే ఘోరం. బండి ముందు మంచు నల్లబడి, నెమ్మదిగా కిందికి వంగింది. ముందు కుడివైపు జింక మాయమైంది, ఆ వెంటనే తెల్లమూతి. తెతనె కర్రని అడ్డంగా పట్టుకుని వెనక్కి దూకింది కానీ, కాలు పెట్టిన చోటు కూడా విరిగింది. తోలుకోటు నీళ్ల మీద ఒకసారి గుండ్రంగా ఉబ్బింది. రెండు చేతులు కర్ర మీద, కర్ర రెండు మంచు అంచుల మీద, తల బయట. "అమ్మా" అని కేక.

నేను బండి దిగి ముందుకి పరిగెత్తలేదు. వెనక్కి పరిగెత్తాను.

అత్త అరుస్తోంది. "ఎక్కడికే సెర్నె! పిల్ల అటుంటే ఎక్కడికే!" నా వెనక ఐదు బండ్లు. ఒక్కో బండి పక్కనుంచి పడుతూ లేస్తూ బూట్ల బండి చేరాను. నా చేత్తో నేనే బిగించిన ముడులు. తడికి ఉబ్బి, రాయిలా అయ్యాయి. గోళ్లతో లాగితే రావడం లేదు. కత్తి తీసి తాళ్లు పరపరా కోసేసి, బూట్లు మంచు మీదికి విసిరికొట్టి, అడుగునుంచి తాడు లాగాను. మళ్లీ ముందుకి పరుగు. ఊపిరితిత్తుల్లో సూదులు గుచ్చినట్టుంది. దేవుడా, నేను దాటాను, దాటింది నేను, దాన్ని కాదు, నన్ను తీసుకో అని ఆ పరుగంతా గొణుగుతూనే ఉన్నాను.

అత్త బండి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ దిగి నిలబడి ఉంది. నా చేతిలో తాడు చూసింది. వెనకాల తెరిచి ఉన్న బూట్ల బండి చూసింది. ఆవిడ కళ్లలో అంతా అర్థమైపోయింది. ఒక్క క్షణం, అంతే. చెయ్యి చాచి, తాడు కొస లాక్కుని తన నడుముకి రెండు చుట్లు చుట్టుకుంది.

"పాకు. నిలబడకు, పడుకుని పాకు," అంది. "నేను పట్టుకున్నా."

పొట్ట మీద పాకాను. కోటు లోపలికి నీళ్లు వస్తున్నాయి. తెతనె మొహం తెల్లగా అయిపోయింది, పెదవులు కదుపుతోంది, మాట రావడం లేదు. ఒక చేత్తో కర్ర పట్టుకుని, రెండో చేత్తో నీళ్ల కింద పట్టెడలు కోస్తోంది. ఆ స్థితిలో కూడా జింకల్నే చూస్తోంది నా పిచ్చిది. కుడివైపు జింకా, మూడో జింకా తెగిన పట్టెడలతో పైకి గెంతి, గట్టు వైపు పారిపోయాయి.

మోకాళ్ల మీద లేచాను. పదమూడేళ్ల దాకా మా అన్నలతో పోటీపడి బండి కొమ్ముకి తాడు విసిరేదాన్ని. ఒకరోజు మా అమ్మ వచ్చి తాడు లాక్కుని, సూది చేతిలో పెట్టింది. అప్పటినుంచి విసరలేదు. మొదటిసారి విసిరితే ఉచ్చు తెతనెకి రెండడుగుల అవతల నీళ్లలో పడింది. గురి తప్పింది. మైల, మైల అని నా చెవుల్లో ఎవరో అంటున్నట్టే ఉంది. తాడు లాక్కునేసరికి చేతివేళ్లు కొంకర్లు పోయాయి.

"మళ్లీ," అని వెనకనుంచి అత్త గొంతు. తిట్టు లేదు, శాపం లేదు. "మణికట్టు వదులు చెయ్యవే. మళ్లీ."

రెండోసారి ఉచ్చు దాని తల మీంచి, కర్ర మీంచి పడింది. తెతనె ఒక చెయ్యి దూర్చింది. నేను లాగాను, అత్త తన జింకల్ని వెనక్కి మళ్లించి, ఒక చేత్తో వాటి పట్టెడ పట్టుకుని నడుముతో లాగింది. మంచు అంచు రెండుసార్లు విరిగింది. మూడోసారి విరగలేదు. నా కూతురు పొట్ట మీద జారుకుంటూ నా ఒళ్లోకి వచ్చి పడింది. తెల్లమూతి పైకి రాలేదు.

తర్వాత హద్కో పరిగెత్తుకొచ్చి, కాస్త ఎగువన తనే ఒంటిచేత్తో మంచు పొడుచుకుంటూ దారి చూశాడు. బండ్లు దాటాయి, మంద దాటింది. ఆ దాటడమంతా నాకు గుర్తులేదు. పిల్లని నా కోటులో కప్పుకుని, దాని గుండె కొట్టుకోవడం వింటూ కూర్చున్నాను.

అవతలి గట్టున నేనూ అత్తా గుడారం వేసినంత వేగంగా ఎవరూ వేసి ఉండరు. పొయ్యి రాజేసి, తెతనెని తోళ్లలో చుట్టి, ఎముకల చారు కప్పుల కొద్దీ తాగించాం. దాని ఒంట్లోకి రంగు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మగవాళ్లిద్దరూ లోపలికొచ్చి కూర్చున్నారు.

"మా ఆవిడ తాడు విసిరింది!" హద్కో పొంగిపోతున్నాడు, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "ఇరవై నాలుగేళ్లు దాచిపెట్టావేమే ఈ విద్య? ఇంతకీ తాడు ఎక్కడ దొరికింది?"

నేను పొయ్యిలో పుల్ల పెట్టాను.

"ఎక్కడో బండిలో పడేసుకుని ఉంటుంది," అన్నాడు ఇల్కో. ఈసారి వెటకారం లేదు. 

అత్త నా వైపే చూస్తోంది. ఆవిడకి తెలుసు. చూసింది. చూసి కూడా నోరు మెదపడం లేదు. పొద్దుటినుంచి నేను భయపడింది ఆ నోటికే. ఇప్పుడు అది మూసుకుని ఉండటం చూస్తే ఇంకా భయమేసింది.

తెతనె తోళ్లలోంచి మాట్లాడింది. గొంతు బొంగురుపోయింది. "తప్పు నాదే నాన్నా. తాడు ఎక్కడ పెట్టానో కూడా చూసుకోనిదాన్ని మంద ఏం తోలతాను? తెల్లమూతి నా వల్లే పోయింది. నడుముకి తాడుంటే దాన్ని పట్టుకునేదాన్ని. నాన్నమ్మ అన్నదే నిజం. హెలికాప్టర్‌లో నా పేరు రాయించండి."

 హద్కో తలవంచుకున్నాడు.

దాచను, నిజం చెప్తాను. ఆ మాట వినగానే నా గుండె ఒకసారి తేలికైంది. ఊళ్లో గది, దాన్ని వెచ్చబెట్టే వేణ్నీళ్ల గొట్టాలు, కొట్టు, పాకెట్లలో పంచదార. అక్కడ ఏ ఏరూ నా బిడ్డని మింగదు. దాని నాన్న బతిమాలినా అది వినదు, తనంతట తనే పోతుంది. నేను చెయ్యాల్సిందల్లా ఇంకాసేపు నోరు మూసుకుని ఉండటమే. పొద్దుటినుంచి చేస్తున్న పనే కదా.

పిల్ల మొహం చూశాను. నీళ్లలో ఉన్నప్పుడు కూడా ఆ మొహం అలా చచ్చిపోయి లేదు.

"తాడు నువ్వు పోగొట్టలేదే," అన్నాను. "నేను దాచాను. బూట్ల బండిలో."

హద్కో నవ్వబోయి ఆగిపోయాడు. "ఏంటే నువ్వనేది?"

"పొద్దున చెక్కలు మోస్తూ చూసుకోకుండా దాటాను. చెప్తే పిల్ల చేతిలోంచి తాడు తీసేసుకుంటారని చెప్పలేదు. మైలతాడుతో పంపడానికి మనసొప్పలేదు. దాచేశాను."

 ఇల్కో లేచి, మందని చూసొస్తానంటూ బయటికి పోయాడు. అత్త అప్పుడు నోరు తెరిచింది.

"నువ్వు దాటినప్పుడు నా నిప్పులు ఇంకా ఆరలేదు. నా సంచీ విప్పడానికి రెండు ముడులు. రెండే ముడులు సెర్నె. తాడుకి భయపడ్డావా, నాకు భయపడ్డావా?"

"మీకే అత్తమ్మా."

ఆవిడ తన చేతుల వంక చూసుకుంది. తాడు ఒరుసుకుని ఆ చేతులు రెండూ చర్మం లేచి ఉన్నాయి. "నా నోరు చెడ్డదే," అంది. "చెడ్డదైతే మాత్రం, దాని కింద పడి ఎవరూ మునిగిపోరే. ఏటికి భయపడాల్సిన రోజున నాకు భయపడ్డావు." సంచీ విప్పి, బీవర్ ముక్క చిన్నది గిల్లి నిప్పుల మీద వేసింది. ఘాటు పొగ లేచింది. తాడుని పొగలో తిప్పింది. తర్వాత నా రెండు చేతులూ లాగి పొగ మీద పెట్టింది, తనవీ పెట్టుకుంది.

తెతనె ఇదంతా చూస్తోంది. "నేను బండి కింద పాకుతూ వెతికాను," అంది చివరికి. "నువ్వు కెటిల్ కట్టుకుంటున్నావ్. నేను వెతకడం చూస్తూనే ఉన్నావా అమ్మా?"

"చూస్తూనే ఉన్నానే."

అది గుడారం అంచువైపు తిరిగి పడుకుంది. ఆ సాయంత్రం నేను పెట్టిన చారు ముట్టలేదు. దాని నాన్నమ్మ పెడితే తాగింది.

పొద్దున్నే యురిబేయ్ విరిగింది. పెద్ద పెద్ద మంచుపలకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, నేల అదిరేలా మోగుతూ పోతున్నాయి. నిన్న మేము పాకిన చోటు ఇప్పుడు ఒట్టి నీళ్లు.  లోపలికి వచ్చేసరికి తెతనె బూట్లు తొడుక్కుని, కోటు వేసుకుని నిలబడి ఉంది. మందలో ఆడజింకలు నాలుగు ఈనబోతున్నాయని, వాయవ్యం నుంచి మంచుతుపాను వచ్చేలా ఉందని, హద్కో బయటినుంచి కేకేస్తున్నాడు.

తెతనె తాడు తీసుకుంది. నడుముకి కట్టుకోలేదు. గుమ్మానికి అడ్డంగా, నా కాళ్ల ముందు నేల మీద పరిచింది.

"దాటు," అంది.

"ఏంటే ఇది?"

"నా ఎదురుగా దాటు. అంతా నేను చూడాలి. దాటినా అది పనికొచ్చే తాడేనని నాకు తెలిసుండాలి, నీకూ తెలిసుండాలి. ఇంకోసారి భయపడి దాచకుండా."

అత్త పొయ్యి దగ్గర పిండి కలుపుతోంది. తలెత్తలేదు. వద్దనలేదు, దాటమనీ అనలేదు. ఆవిడ చేతులు మాత్రం పిండిలో ఆగిపోయాయి.

కాలు ఎత్తబోయాను. నా తల్లి నేర్పింది, ఆవిడ తల్లి నేర్పింది, అంతా ఆ కాలిలోనే ఉన్నట్టుంది. లేవలేదు. నా కూతురు ఎదురుచూస్తోంది. దాని కళ్లలో కోపం ఉంది, కోపం వెనక నిన్నటి నీళ్లు ఇంకా ఉన్నాయి.

వంగి తాడు చేతిలోకి తీసుకున్నాను. చుట్టలు చుట్టాను. తెతనె ముందు మోకాళ్ల మీద కూర్చుని, దాని నడుము చుట్టూ తిప్పి, తోలుపట్టీకి ముడివేశాను. ముడి ఒకసారి జారింది, మళ్లీ వేశాను.

"దాటలేనే," అన్నాను. "ఇలా చేతికిస్తాను. రోజూ నేనే కడతాను. ఏమైనా సరే దాచను, దాటినా చెప్తాను, ఆవిడ తిట్టినా చెప్తాను."

 తెతనె చెయ్యి ఒక్కసారి నా తల మీద ఆగింది, తర్వాత గుమ్మం తోలు పక్కకి తోసి బయటికి వెళ్లబోయింది. దూడల నేల చేరేలోపు ఇంకా రెండు వాగులున్నాయి. కోటు అంచు పట్టుకుని ఆపి, ముడి గట్టిగా ఉందో లేదో ఇంకోసారి లాగి చూశాను. అప్పుడు వదిలాను.